అంజూరం – ప్రమాణానికి నోచుకున్న ఫలం

దివ్యఖుర్ఆన్‌లోని 95వ సూరా పేరు 'తీన్'. అంజూరం, జైతూన్, సీనాయ్ పర్వతం, శాంతినగరమైన మక్కాల మీద ప్రమాణంతో అది ప్రారంభమవుతుంది. ఇక్కడ 'తీన్' అనగా మనం తినే పండేనని కొందరు వ్యాఖ్యాతలు, డమాస్కస్ మసీదు లేదా అక్కడి పర్వతమని మరికొందరు చెప్పారు. క్రీ.శ. 923లో మరణించిన ఇమామ్ తబరీ పండు అనే అభిప్రాయాన్నే బలపరిచారు.

తెలుగులో 'అత్తి' అనే అనువాదం వల్ల ఒక సందేహం కలుగుతుంది. మన వాగుల ఒడ్డున కాసే అత్తి, అనగా మేడి, వేరు, అంజూరం వేరు. మర్రి, రావిలాగే ఇవి రెండూ ఒకే ప్రజాతివి. అందువల్లనే అంజూరానికి సీమ అత్తి అనే పేరు వచ్చింది.

జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో దొరికిన అంజూరాలు సుమారు 11,400 ఏండ్ల నాటివని పరిశోధకులు 2006లో ప్రకటించారు.

అంజూరంలో నాలుగు ముఖ్య రకాలున్నాయి. దీని పూలు కాయ లోపలే ఉంటాయి. 'కాప్రి' రకం కాయల్లో ఒక చిన్న కందిరీగ పెరుగుతుంది. అది పుప్పొడి తెస్తేనే 'స్మిర్నా' రకం పండుతుంది. లేకుంటే కాయలు రాలిపోతాయి. కాలిఫోర్నియాలో నాటిన స్మిర్నా చెట్లు 1899లో ఆ కందిరీగ అక్కడ నెలకొన్న తరువాతనే ఫలించాయి. 'శాన్ పెడ్రో' రకానికి రెండవ కాపులో మాత్రమే పుప్పొడి కావాలి. సాధారణ రకానికి అసలే అవసరం లేదు. మహారాష్ట్రలో పండే పూనా అంజూరం ఈ కోవలోనిదే.

100 గ్రాముల ఎండు అంజూరంలో సుమారు 10 గ్రాముల పీచు, 160 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పీచు మలబద్ధకాన్ని తగ్గిస్తుంది. అయితే చక్కెర కూడా దాదాపు 48 గ్రాములుంటుంది. కనుక మధుమేహ రోగులు వైద్యుని సలహాతో మితంగానే తినాలి.

అంజూరం స్వర్గం నుండి దిగిన పండని, మూలవ్యాధిని పోగొడుతుందని ఒక ఉల్లేఖనం ప్రచారంలో ఉంది. దాని ప్రామాణికత సందేహాస్పదమని 1350లో మరణించిన ఇబ్నుల్ ఖయ్యిమ్ స్పష్టం చేశారు. హిజాజ్‌లో, మదీనాలో అంజూరం పండేది కాదు గనుక సున్నత్‌లో దాని ప్రస్తావన రాలేదని కూడా ఆయన వివరించారు. అయినప్పటికీ ఆయన ఆ పండు గుణాలను మెచ్చుకున్నారు.

ఖుర్ఆన్ ప్రమాణమే ఈ పండుకు చాలినంత గౌరవం. దైవప్రవక్త (స) పేరిట రూఢి కాని మాటను చేర్చి దాని విలువ పెంచనవసరం లేదు.