చెవికి ఇంపు, నెత్తికి బరువు

చెవిని కప్పే వైర్‌లెస్ హెడ్‌ఫోన్ల ధ్వనిని బేరీజు వేసేటప్పుడు మొదట చేయవలసినది, పోల్చే రెండింటి శబ్దస్థాయినీ సమానం చేయడం. కాస్త బిగ్గరగా మోగినదే చెవికి మెరుగైనదిగా తోస్తుంది కనుక, ఈ జాగ్రత్త లేని తీర్పులు చాలావరకు నిలవవు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు, అంటే సెకనుకు అన్ని కంపనాలున్న ధ్వనులను గ్రహిస్తుంది. వాటిలో అడుగు ధ్వనులైన బేస్, మెత్త చెవి చుట్టూ సందు లేకుండా ఆనుకోవడంపై ఎంతగానో ఆధారపడుతుంది. కళ్లజోడు కాడ ఆ మెత్తను కొద్దిగా ఎత్తినా, మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం పలచబడి, కుడివైపు పదునే మిగులుతుంది.

పాటను బ్లూటూత్‌లో పంపడానికి కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. ఎల్‌డ్యాక్ అనే కోడెక్ సెకనుకు గరిష్ఠంగా 990 కిలోబిట్లు పంపగలిగినా, ఫోనులోనూ అది లేకపోతే ప్రయోజనం లేదు, పైగా పెట్టె మీద ఈ అంకెకున్న ఆర్భాటం వినికిడిలో అంతగా కనిపించదు.

సౌఖ్యం సంగతి దుకాణంలో ఐదు నిమిషాల్లో తేలదు: సుమారు 250 గ్రాముల సోనీ ఎక్స్‌ఎమ్5కూ, దాదాపు 385 గ్రాముల ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌కూ ఉన్న తేడా గంట దాటాకే నెత్తికి తెలిసివస్తుంది, పట్టు బిగువైతే కణతలు నొస్తాయి, రెక్సిన్‌లాంటి మెత్తల్లో ఎండాకాలం చెవులు చెమరుస్తాయి.