పసుపు రోజూ తినొచ్చు.. రంగు చూసి మాత్రం కొనకండి!

పప్పులో చిటికెడు, కూరలో చిటికెడు, జలుబు చేస్తే పాలల్లో మరికొంత. పసుపు డబ్బా లేని వంటిల్లు మన పల్లెల్లో కనిపించదు. అయితే రోజూ తింటే మంచిదేనా? ఎంత తినాలి? ఎవరు తగ్గించుకోవాలి? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం మీ ఇంటిల్లిపాదికీ అవసరం.

పోచారం ప్రాజెక్టు ఆయకట్టులో నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి రైతులు ప్రధానంగా వరి వేస్తారు. కనుక వంటకు కావాల్సిన పసుపును చాలామంది దుకాణంలోనే కొంటారు. చిక్కు అక్కడే ఉంది.

మేలు ఎంత?

పసుపుకు రంగునిచ్చేది కుర్కుమిన్ అనే పదార్థం. ఎండు కొమ్ములో ఇది సుమారు 3 శాతం ఉంటుంది. వాపును తగ్గించే గుణం దీనికి ఉందని పరిశోధనలు చెప్తున్నాయి. కానీ తిన్నదంతా ఒంటికి పట్టదు, చాలావరకు బయటికే పోతుంది. మిరియాలతో కలిస్తే ఎక్కువగా ఒంటబడుతుందని బెంగుళూరు శాస్త్రవేత్తలు 1998లో తేల్చారు. కాబట్టి పసుపు మంచి దినుసే, కానీ షుగరుకో క్యాన్సరుకో అదే మందు అనుకుని డాక్టరు రాసిన మాత్రలు మానేయడం ప్రమాదం.

ఎంత తినొచ్చు?

కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల కుర్కుమిన్ వరకు ఫర్వాలేదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం లెక్కగట్టింది. 60 కిలోల మనిషికి ఇది దాదాపు 6 గ్రాముల పసుపుతో సమానం, అంటే రెండు చిన్న చెంచాలు. మనం కూరల్లో వేసుకునేది ఒక్కో మనిషి వాటాకు అంత రాదు. కూరలో పసుపుకు భయపడనక్కర లేదు.

మందుల షాపుల్లో దొరికే పసుపు మాత్రల సంగతి వేరు. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 కేసులను వైద్యులు 2022లో వెల్లడించారు. వారిలో ఒకరు చనిపోయారు. పిత్తాశయంలో రాళ్ళున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ మాత్రల జోలికి పోవద్దు. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్ళు వాటిని పసుపు పాలతో మింగకూడదు. పాలూ పసుపూ రెండూ ఐరన్ ఒంటబట్టకుండా అడ్డుపడతాయి.

అసలు ముప్పు రంగుతోనే

పసుపును సరిగా ఆరబెట్టకపోతే రంగు మందగిస్తుంది. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు పంట తడిసినప్పుడు వ్యాపారులు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రంగు పూయడం మొదలుపెట్టారు. ఇందులో ఉండేది సీసం. ఇది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, కడుపులో ఉన్న బిడ్డకూ హాని చేస్తుంది. అక్కడ 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం కల్తీవే. ప్రభుత్వం దాడులు చేసి, జనానికి తెలియజెప్పి 2021 నాటికి కల్తీని దాదాపు లేకుండా చేసింది.

మన దేశంలో లేదనుకోకండి. గ్రాముకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండరాదని మన నిబంధన. 2024లో వెలువడిన ఒక పరిశీలనలో పాట్నాలో దొరికిన పసుపులో వెయ్యి మైక్రోగ్రాములు దాటింది. పాలిష్ చేసిన కొమ్ముల్లోనూ సీసం దొరికింది. అందుకే కొమ్ములు కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండలేం.

మీరేం చేయాలి?

* ధగధగ మెరిసే కొమ్ములు వద్దు. కాస్త మసకగా, గరుకుగా ఉన్నవే నయం. విరిస్తే టక్కున విరగాలి.
* ఆర్మూరు, బాల్కొండ వైపు చుట్టాలుంటే పాలిష్ పట్టని కొమ్ములు తెప్పించుకోండి. కడిగి ఎండబెట్టి గిర్నీలో పట్టించుకుంటే ఏడాది గడుస్తుంది.
* విడి పొడి మానండి. కొంటే లైసెన్సు నంబరు ఉన్న ప్యాకెట్ కొనండి.
* గ్లాసు నీళ్ళలో చెంచాడు పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు చేరేటప్పుడు నీటికి లేత రంగే వస్తుంది. నీళ్ళు చిక్కని పసుపుపచ్చగా మారితే అనుమానించండి. సీసం ఉందో లేదో తేల్చేది మాత్రం ప్రయోగశాలే. జిల్లా ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

పసుపు పండించే రైతులకూ ఒక మాట. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మన పసుపుకు పేరు నిలవాలంటే కొమ్ములను బాగా ఉడికించి, పూర్తిగా ఆరబెట్టడమే మార్గం. పాలిష్ డ్రమ్ములో రంగు వేయనివ్వకండి. సగటు మనిషి మసక రంగు కొమ్మును అడిగి కొన్న రోజున రంగు కలిపేవాడికి గిరాకీ ఉండదు.