పాదలేపనం లేని ప్రవరులు

మంచుకొండలు చూడటానికి ప్రవరుడు చేసుకున్న సన్నాహమంతా సిద్ధుడిచ్చిన పసరు. అది మంచుకు కరిగింది, తిరుగుదారి మూసుకుపోయింది. ఏటా ఈ ఘట్టం పాఠం చెప్పే నేను, గంగోత్రి నుంచి కాళిందీఖాల్ కనుమ దాటి బదరీనాథ్ చేరాలని సంకల్పించి, ముందుగా తిరుగుదారే ఆలోచిస్తున్నాను.

కనుమ ఎత్తు సుమారు 5,950 మీటర్లు. సముద్రతీరంలో మనకు దొరికే ప్రాణవాయువులో అక్కడ దొరికేది ఇంచుమించు సగం. ఒంటికి అది అలవాటు కావాలంటే రోజులు గడవాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడక రోజుకు 500 మీటర్లకు మించి పైకి జరపరాదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలనీ వైద్యులంటారు. గంగోత్రే 3,000 పైన ఉన్నదాయె! అందుకని అక్కడ రెండు రాత్రులు, భోజ్‌బాసాలో రెండు, నందన్‌వన్‌లో రెండు. మంచు కురిస్తే కూర్చోడానికి మరి రెండు. సెలవుచీటీ చూసి ప్రిన్సిపాలుగారు, "ఊరికే కూర్చోడానికి సెలవెందుకండీ?" అన్నారు. ఆ కూర్చోవడమే అసలు పని!

అటవీశాఖ అనుమతి, ఇన్నర్‌లైన్ పర్మిట్, గైడు, కూలీలు - ఇవి కాగితాలతోనూ డబ్బుతోనూ తేలేవి. వంట అలా కాదు. 5,000 మీటర్ల దగ్గర నీళ్ళు 83 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఉడకదు. బరువైనా కుక్కరు మొయ్యాల్సిందే. ఆవకాయ జాడీ మాత్రం చిన్న సీసా అయింది, మా ఆవిడ అలిగినా.

తలనొప్పి, వాంతి దాచకూడదు. అడుగు తడబడితే అర్ధరాత్రయినా కిందికి దిగాలి. ఆ స్థితిలో మనిషి "నాకేం, బాగానే ఉన్నా"నంటాడు. అందుకే, "నేను కాదన్నా దింపెయ్యి" అని మిత్రుడికి రాసిచ్చాను. అతనూ నాకు రాసిచ్చాడు.