పాటల కదంబం

కడియం ప్రాంతంలో పొద్దు పూలతో పొడుస్తుందని చెప్పితే అది కవుల అతిశయోక్తి కాదు. తూర్పు ఎర్రబడక మునుపే చేమంతి, బంతి, లిల్లీ, కనకాంబరాలు గంపలలోనూ బస్తాలలోనూ కడియపులంక పూల బజారుకు వచ్చి చేరుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన నాటినుండి గోదావరి నీరు కాలువలవెంట పారి ఈ నేలను తడుపుతున్నది. ఆ నీటి చలువవల్లనే నేడు ఇక్కడి నర్సరీ మొక్కలు లారీలకెక్కి దూరదేశాలకు ప్రయాణం కడుతున్నాయి.

ఆ పూలలో కొన్ని తూకానికి పోతాయి, కొన్ని మూరకు వస్తాయి. మూరకు వచ్చే పూలను కట్టే చేతులకు ఒక శాస్త్రమున్నది. ఒకే జాతి పూలను కట్టితే అది దండ. పలుజాతుల పూలను తీసుకొని, నడుమ నడుమ మరువమూ దవనమూ చేర్చి, తడిపిన అరటినారతో కట్టితే అది కదంబం. ఏ పువ్వు ప్రక్కన ఏ పువ్వు ఒదుగుతుందో, ఎక్కడ రంగు తగ్గి వాసన హెచ్చాలో ఆ వ్రేళ్లకే తెలుసు. నానావిధాలైన అంశాలను గుదిగుచ్చిన రేడియో కార్యక్రమానికి కదంబమని పేరు రావడం ఊరక జరగలేదు.

ఈ వ్యాసం పాటల కదంబాన్ని గురించి. ఒక భావాన్ని సూత్రంగా పట్టుకొని, పదిచోట్ల ఉన్న పాటలను ఏరి తెచ్చి, ఒక వరుసలో కూర్చి, ఒక మిత్రుని చేతిలో పెట్టడాన్ని గురించి. కాసెట్ల కాలంలో ప్రపంచమంతటా యువకులు చేసిన పని ఇది. చూడబోతే ఇది పిల్లచేష్టవలె కనిపించవచ్చు. కాని దీనికి మన సాహిత్యంలో గౌరవనీయమైన పూర్వులున్నారు.

హాలుని గాథాసప్తశతి ఏమిటి? ఎందరో కవుల ఏడువందల ప్రాకృత గాథలను ఒకచోట కూర్చిన కదంబమే గదా! మడికి సింగన సకలనీతిసమ్మతంలో పలు గ్రంథాలనుండి నీతిపద్యాలను ఏరి కూర్చినాడు. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరంలో పద్యాలను వర్ణనల వారీగా విభజించి చేర్చినాడు. నేడు మనకు దొరకని కావ్యాల పద్యాలు కొన్ని ఆయన ఏరి ఉంచినందువల్లనే మిగిలినాయి. 1935లో ముద్దుకృష్ణ కూర్చిన వైతాళికులు చేతబట్టుకొని ఒక తరం విద్యార్థులు భావకవిత్వాన్ని కంఠస్థం చేసినారు. సంకలనకర్త తాను ఒక్క పద్యమైనా వ్రాయనక్కరలేదు. అయినను అతని అభిరుచి, అతని వివేకం ప్రతిపుటలోను కనిపిస్తాయి. ఏరడం కూడ ఒక రచనయే.

పాట విషయంలో ఈ ఏరడమన్నది చాలకాలం సామాన్యునికి అందుబాటులో లేదు. నిమిషానికి 78 సారులు తిరిగే గ్రామఫోను రికార్డు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. కంపెనీవారు ఏ రెండు పాటలను ఒక రికార్డుపై వేస్తే ఆ రెండే మనకు జంట. ఆ రోజులలోనే సినిమాతో సంబంధం లేని పాటలు కూడ వెలువడేవి. వాటిని ప్రైవేటు పాటలనేవారు. ఇంగ్లీషువారు ఇండీ అని ముద్దుగా కుదించి చెప్పే మాటకు అర్థం స్వతంత్రమని. పెద్ద కంపెనీల ప్రాపు లేని సంగీతానికి వారు పెట్టుకొన్న పేరది. మన ప్రైవేటు పాట సినిమా ప్రాపు లేక నిలిచిన పాట. రెండూ ఒకటి కావు గాని, దూరపు చుట్టరికం లేకపోలేదు.

ఆ పాటల భాగ్యం సామాన్యమైనది కాదు. శంకరంబాడి సుందరాచారి మన తెలుగుతల్లిమీద కట్టిన గీతం సినిమాకోసం వ్రాసినదే అయినా, ఆ సినిమాలో చేరలేదు. రాజమహేంద్రవరంలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గొంతున ప్రైవేటు రికార్డుగా వెలువడి, తుదకు రాష్ట్రగీతమయినది. సినిమా వద్దన్న పాటను పాఠశాలలు నెత్తిన పెట్టుకొన్నవి. సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలితగీతాలు ఇంటింటా మ్రోగినవి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపాన్ని ఘంటసాల పాడగా విని కంట తడిపెట్టని వారరుదు. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన పిదప బాలాంత్రపు రజనీకాంతరావు ప్రభృతుల కృషితో లలితసంగీతానికి ఒక ఇల్లు ఏర్పడినది. ఈ మాసపు పాట అనే కార్యక్రమంలో నెలకొక గీతాన్ని శ్రోతలకు నేర్పడం చాలమందికి జ్ఞాపకముండే ఉంటుంది.

1963లో ఫిలిప్స్ కంపెనీవారు బెర్లిను రేడియో ప్రదర్శనలో అరచేతిలో ఇమిడే చిన్న కాసెట్టును ప్రపంచానికి చూపినారు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడిచే సన్నని టేపు అది. అరవై నిమిషాల కాసెట్టులో వైపుకు ముప్పై నిమిషాలు. వినడమే గాక ఎవరికివారు పాటలను ఎక్కించుకొనే వీలు కూడ దానితో వచ్చినది. కంపెనీ చేసిన జంటను విడదీసి, మనకు నచ్చిన పెండ్లి మనం చేసే స్వాతంత్ర్యం అప్పుడు దొరికినది.

1980 ప్రాంతాలకు మన పట్టణాలలో రికార్డింగు షాపులు వెలసినవి. పాటల జాబితా వ్రాసి ఇస్తే, నాలుగురోజులలో ఖాళీ కాసెట్టుమీదికి ఎక్కించి ఇచ్చేవారు. 1986లో నేను రాజమండ్రిలో చదువుకొంటున్నాను. కడియం పరిసరాల గ్రామంనుండి వచ్చే నా మిత్రునికి మస్కట్టులో ఉద్యోగమైనది. అతనిది పూలతోట గల ఇల్లు. వీడ్కోలు కానుకగా పూలమీద పాటల కాసెట్టు చేయించి ఇవ్వాలని నాకు బుద్ధి పుట్టినది.

ఆ జాబితాకు నేను పడిన శ్రమ పరీక్షలకు పడియుండను. పువ్వు అనే మాట వచ్చిన ప్రతిపాటా పూలపాట కాదని మొదట తెలిసినది. ప్రేయసిని పువ్వుతో పోల్చే పాటలు కోకొల్లలు. వాటిలో పువ్వు ఉపమానమే గాని విషయం కాదు. అవి తీసివేసినాను. మొదట పుష్పవిలాపం, ఆ బరువైన పాట ముగియగానే నడుమ దవనంవలె ఒక తేలికపాట, తరువాత రజనిగారి శతపత్రసుందరి. ఈ విధంగా రెండు వైపులా నింపి, నిమిషాలు కూడి చూచుకొన్నాను. పాట నడుమ టేపు తెగిపోతే అంతకన్న అవమానం లేదని మా కాలపు నమ్మకం. అందుచేత రెండవవైపున నాలుగు నిమిషాలు ఖాళీగానే విడిచినాను. షాపతను జాబితా చూచి, “ఈ పాతపాటలెవరికి బాబూ? కొత్తవి రెండు వేయనా?” అన్నాడు. వద్దన్నాను.

ప్రయాణానికి ముందురోజు రాత్రి వారి ఇంటి అరుగుమీద ఆ కాసెట్టు పెట్టినాము. మిత్రుని తల్లి గంప ముందుంచుకొని మరునాటి బజారుకు చేమంతులు కడుతున్నది. పుష్పవిలాపం మొదలయినది. కోసి గుచ్చే మనుషుల నిర్దయను పువ్వు తలచుకొని దుఃఖించే ఆ ఖండకావ్యం అందరికీ తెలిసినదే. పాట ముగిసేవరకు ఆమె చేతులు ఆగలేదు. ముగిసిన తరువాత నారను పంటితో త్రెంపి, ఇట్లన్నది:

“బాగా పాడేడు బాబూ. పువ్వు ఏడుత్తంటే మనకీ ఏడుపొచ్చింది. మరి నాలుగింటికి లేచి మంచులో పూలు కోసే చెయ్యి ఏడిత్తే ఎవరు పాడతారు?”

నాకు నోట మాట రాలేదు. పూలపాటలు ఏరడానికి పదిరోజులు ఆలోచించినాను. ఆ కాసెట్టు పూలతో బ్రతికే ఇంట మ్రోగబోతున్నదన్న సంగతి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. కరుణశ్రీ కవితలో లోపమేమీ లేదు. కవి పువ్వు పక్షాన పలికినాడు, అది అతని ధర్మం. లోపం నా కూర్పులో ఉన్నది. నేను ఒకే వైపునుండి పూలు ఏరినాను.

అప్పుడు ఆ ఖాళీ నాలుగు నిమిషాలు జ్ఞాపకం వచ్చినవి. “పిన్నీ, నువ్వే ఒక పాట పాడు. నీ కొడుకు పట్టుకుపోతాడు” అన్నాను. “నాకేం పాటలొచ్చు, చోద్యం కాకపోతే” అని నవ్వి కొట్టిపారేసినది. మిత్రుడు బ్రతిమాలినాడు. చివరకు, వయసులో ఉన్నప్పుడు వరిచేలలో తోటివారితో కలిసి పాడిన ఊడ్పుపాట ఒకటి ఎత్తుకొన్నది. టేపురికార్డరులో ఉన్న చిన్న మైకే ఆధారం. ఆమె గొంతుతోబాటు గాజుల చప్పుడు, కప్పల అరుపులు కూడ టేపుకెక్కినవి. పాట ముగియగానే, మీద మరెవరూ రికార్డు చేయకుండ కాసెట్టు వెనుకనున్న రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచివేసినాను. ఆ రేకులు లేకపోతే రికార్డు మీట క్రిందికి దిగదు.

అదే 1986లో ఇంగ్లండులో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే వారపత్రికవారు సీ86 అనే పేరుతో ఒక కాసెట్టు వెలువరించినారు. చిన్నచిన్న స్వతంత్ర సంస్థల బృందాలు వాయించిన ఇరువదిరెండు రాక్ పాటలు అందులో ఉన్నవి. ఏరి కూర్చిన ఆ ఒక్క కాసెట్టు పేరే తరువాత ఒక సంగీతశైలికి పేరయినదని నేను చాల ఏండ్లకు చదివి ఆశ్చర్యపడినాను. వైతాళికులు మన భావకవిత్వానికి చేసిన మేలువంటిదే అది. చెదరియున్న కవులను ఒకచోట నిలబెట్టినప్పుడు గాని వారిది ఒక గుంపని లోకం గుర్తించదు.

మస్కట్టులో నా మిత్రుని గదిలో ఐదుగురుండేవారట. ఒకనాడు అతడు పనికి పోయిన వేళ, గదిలోని వారొకరు ఆ కాసెట్టుమీద కొత్త సినిమాపాటలు ఎక్కించబోయినారు. మీట దిగలేదు. విసుగుచెంది దానిని ప్రక్కన పడవేసినారు. గోరంత రేకు విరిచినందువల్ల ఆ గొంతు దక్కినది. కొన్నాళ్లకు అతని తల్లి గతించినది. ఆమె ఫోటోలు రెండు మూడున్నవి. గొంతు మాత్రం ఆ నాలుగు నిమిషాలే.

మిత్రుడు ఊరికి తిరిగివచ్చిన తరువాత ఆ కాసెట్టు పాడలేదు. టేపును లోపలినుండి నొక్కిపెట్టే చిన్న మెత్త ఊడిపోయినది. మేమిద్దరం కూర్చుండి, మరలు విప్పి, టేపు చుట్టలను మరొక కాసెట్టు డొప్పలోకి మార్చి, ఊపిరి బిగబట్టి మీట నొక్కినాము. గాజులు మ్రోగినవి. నాడే దానిని కంప్యూటరులోనికి ఎక్కించినాము.

ఇప్పుడు మిత్రుని మనుమరాలు తొమ్మిదవ తరగతి. ఆమె తన ఫోనులో పాటల జాబితాలు కూర్చి స్నేహితురాండ్రకు పంపుతూ ఉంటుంది. ఒక జాబితాకు చేతులు అని పేరు పెట్టినది. అందులో ఒక ఆంగ్ల గిటారు బృందం పాట ఉన్నది, రెండు తెలుగుపాటలున్నవి, చిట్టచివర ముత్తవ్వ ఊడ్పుపాట ఉన్నది. ఆ రాక్ పాట నాకు చెవికెక్కలేదని చెప్పితే, “రెండోసారి వినండి తాతగారూ, అది బట్టలమిల్లులో పనిచేసే అమ్మాయి గురించి” అన్నది. రెండవసారి విన్నాను. దాని తరువాత ముత్తవ్వ గొంతు వచ్చినప్పుడు ఆ రెండు పాటలకు గల చుట్టరికం నాకు బోధపడినది. నాడు నేను చేయలేని కూర్పును ఈ పిల్ల చేసినది.

నేటి ఫోను జాబితాకు అంతులేదు. వేయిపాటలైనా చేర్చవచ్చును. అందువల్ల సౌకర్యం హెచ్చినదే గాని, వదలివేయడమనే విద్య తగ్గుతున్నది. ముప్పై నిమిషాల హద్దు మమ్ములను ఆలోచింపజేసేది. ప్రతి పాటా తన స్థానాన్ని సంపాదించుకోవలసి వచ్చేది. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తెలుగు తరగతిలో పిల్లలకు ఒక అంశం ఇచ్చి, ఎనిమిది పాటలకు మించకుండ ఒక జాబితా కూర్చుమనండి. ఏటిపాటలు, వానపాటలు, బండిపాటలు—ఏదైనా సరే. ఒక్కొక్క పాటను ఎందుకు చేర్చినారో, ఆ స్థానంలోనే ఎందుకు ఉంచినారో రెండు వాక్యాలు వ్రాయుమనండి. వ్యాసరచనలో క్రమం, సంగతి, ఔచిత్యం అని మనం చెప్పే పాఠాలన్నీ అందులో వచ్చి తీరుతాయి. ఒక నియమం మాత్రం పెట్టండి: ఒక్క పాటైనా ఇంటిలోని పెద్దల గొంతునుండి రావాలి.

మరొక మాట కూడ పిల్లలకు చెప్పాలి. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ తరువాత అరవై ఏండ్లు ఉంటుంది. సాహిత్యంపై కవికి గల హక్కు వేరు. మిత్రునికి మంచిపాటను పరిచయం చేయడం ఒకటి, పరుల సొత్తును నకలు తీసి అమ్ముకోవడం మరొకటి. మా కాలంలో ఈ భేదం మేము పాటించలేదు. నేటి పిల్లలు పాటించగలరు.

విద్యార్థులారా! మీ ఇంటి అటకమీద పాతకాసెట్లుంటే పారవేయకండి. బూజు పట్టకముందే దించి, పైన వ్రాసిన అక్షరాలు చదవండి. వెనుకవైపు రేకులు విరిగియున్నవేమో చూడండి. విరిగియుంటే, అందులో ఏదో దక్కించుకోవలసినదున్నదని ఒకరు ఒకనాడు తలచినారన్నమాట.