డిస్పాచర్ అంటే ఎవరు?

మూసాపేట పక్కనే బాలానగర్, సనత్‌నగర్ ఉన్నాయి. అక్కడ కంపెనీలు, గోదాములు ఎక్కువ. ఒక్కోసారి గేటు మీద "డిస్పాచర్ కావలెను" అని కాగితం అంటించి ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కొని చదవండి. డి-స్పా-చ-ర్. చదివారు. మరి అర్థం?

డిస్పాచ్ అంటే పంపడం. డిస్పాచర్ అంటే పంపించే పని చూసేవారు. తాము ఎక్కడికీ పోరు. కూర్చున్న చోటునుంచే పంపుతారు. ఏ సరుకు, ఏ బండిలో, ఎక్కడికి, ఎన్ని గంటలకు పోవాలో చూసి పుస్తకంలో రాస్తారు. ఇది మూటలు మోసే పని కాదు. రాత, లెక్క, ఫోనులో మాట్లాడడం రావాలి. ఆడవాళ్లూ చేస్తారు.

కరెంటుకు కూడా డిస్పాచ్ ఉంది! హైదరాబాదులోని విద్యుత్ సౌధలో లోడ్ డిస్పాచ్ సెంటరు ఉంది. ఎక్కడ ఎంత కరెంటు తయారు చేయాలో అక్కడినుంచే చెబుతారు.

మనకు బాగా అక్కరకు వచ్చే డిస్పాచర్ మాత్రం 108లో ఉంటారు. ఈ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. పైసా కట్టనక్కరలేదు.

ఇంట్లో కోడలికి నొప్పులు మొదలయ్యాయి అనుకోండి. 108కి ఫోను చేస్తారు. అవతలివారు అడుగుతారు. ఏమైంది? ఎన్నో నెల? ఏ ఊరు? ఏ గల్లీ? "బండి పంపమంటే ఇన్ని ప్రశ్నలేమిటి?" అని కోపం వస్తుంది. రావడం సహజమే. కానీ డిస్పాచర్‌కు మీ ఇల్లు కనబడదు. మీరు చెప్పిన మాటను బట్టే దగ్గరలో ఖాళీగా ఉన్న బండిని చూసి పంపాలి.

"మూసాపేట" అంటే చాలదు. "ఇందిరానగర్" అంటే ఏ ఇందిరానగర్? పట్నంలో ఆ పేరుతో బస్తీలు చాలా ఉన్నాయి. గుడి, బడి, రేషను దుకాణం, ఏదైనా గుర్తు చెప్పాలి. మూసాపేట మెయిన్ రోడ్డు మీద మెట్రో రైలు స్తంభాలున్నాయి కదా! ఒక్కో స్తంభానికి ఒక నంబరు రాసి ఉంటుంది. మీ గల్లీ ఏ స్తంభం ఎదురుగా ఉందో చెబితే డ్రైవరు వెతుక్కోనక్కరలేదు.

వాళ్లు సరే అనేదాకా ఫోను పెట్టేయకండి. తర్వాత అదే ఫోనులో చుట్టాలతో మాట్లాడుతూ కూర్చోకండి. డ్రైవరు ఆ నంబరుకే చేస్తాడు. ఒకరు గల్లీ మొదట్లో నిలబడి చెయ్యి ఊపాలి.

ఇవాళ పనికి పోయేటప్పుడు మీ గల్లీ ఎదుటి స్తంభం నంబరు చదవండి. ఇంటికి వచ్చి తలుపు వెనక సుద్దతో రాసి పెట్టండి. కింద 108 అని కూడా రాయండి.