వాము గింజలోని ఘాటు

కడుపు ఉబ్బరించిందంటే తెలుగువారి ఇంట ముందుగా చేయి వెళ్ళేది పోపులపెట్టెలోని వాము మీదికే. చిటికెడు గింజలను అరచేత నలిపి, ఉప్పుకల్లు చేర్చి నోట వేసుకోవడం పెద్దలు నేర్పిన చిట్కా. నలిపినప్పుడు ముక్కుపుటాలను అదరగొట్టే ఆ ఘాటు, గింజమీది సన్నని గీతల నడుమ గల నాళాలలో దాగిన తైలానిది.

గింజలను దంచి ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లార్చినట్లయితే నీటిపై తైలం తేలుతుంది. నూరు కిలోల వాముకు లభించేది రెండు నుంచి నాలుగు కిలోలే! అనగా చెంచాడు తైలం వెనుక నూరు గ్రాములకు పైబడిన గింజలున్నాయన్నమాట. అందులో దాదాపు సగం థైమాల్ అనే పదార్థం. పచారీ అంగళ్ళలో 'వాముపువ్వు' పేరిట అమ్మే తెల్లని పలుకులు ఇవే. వాటిని పుదీనాపువ్వుతో, కర్పూరంతో కలిపి సీసాలో ఉంచితే, చుక్క నీరు పోయకుండానే మూడూ కరిగి ద్రవమవుతాయి. ఎన్నో ఇళ్ళలోని 'అమృతధార' ఇదే. పేరులో అమృతమున్నప్పటికీ, పసిపిల్లల కడుపులోకి వెళ్ళిన కర్పూరం మూర్ఛలు తెప్పించగలదు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమయ్యేవరకు మన వాము ఓడలకెక్కి జర్మనీ చేరేది. అక్కడి కర్మాగారాలు దానినుండి థైమాల్ తీసేవి. ఆ కాలంలో దానికి ముఖ్యమైన పని ప్రేగులలోని కొంకిపురుగులను వెడలగొట్టడం. 1909లో రాక్‌ఫెల్లర్ ధనంతో ఏర్పడిన సంఘం అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రోగులకు ఇప్పించిన మందు ఇదే. అయితే మందు పుచ్చుకున్న రోజున నూనె పదార్థాలను, మద్యాన్ని ముట్టరాదని వైద్యులు గట్టిగా హెచ్చరించేవారు. వాటిలో కరిగిన థైమాల్ రక్తంలో చేరి, పురుగుకు బదులు రోగినే ప్రమాదంలోకి నెట్టగలదు.

ఫ్రెంచి రసాయనవేత్త గాటెఫొస్సే 1937లో వెలువరించిన గ్రంథంతో 'అరోమాథెరపీ' అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఈ పరిమళ చికిత్సలో వాము తైలాన్ని ఉబ్బరానికి, కండరాల నొప్పులకు మర్దనగాను, పడిశానికి ఆఘ్రాణంగాను వాడుతున్నారు. థైమాల్ సూక్ష్మజీవుల పైపొరను ఛిద్రం చేస్తుందని ప్రయోగశాలలు నిరూపించాయి. గాజుపాత్రలో చచ్చిన క్రిమి మనిషి దేహంలోనూ అట్లే చస్తుందని నమ్మడం మాత్రం తొందరపాటే.

సూక్ష్మజీవిని దెబ్బతీసే ఆ గుణమే చర్మాన్నీ మండిస్తుంది. చెంచాడు నువ్వులనూనెలో ఒక్క చుక్కకు మించరాదు. ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకరోజు వేచి చూడాలి. కళ్ళకు తగలనీయరాదు, తైలాన్ని తాగనేరాదు. గర్భిణులకు, పసివారికి ఇది వద్దు. ఉబ్బసమున్నవారు వైద్యుని అడగనిదే వాసన చూడరాదు.

వేయించిన వామును పలుచని గుడ్డలో మూటగట్టి పడిశానికి వాసన చూడడం పాత పద్ధతి. గింజ తన తైలాన్ని కొద్దికొద్దిగానే విడుస్తుంది. మూట చల్లారితే మళ్ళీ పెనంమీద వెచ్చచేయవలసిందే.