పట్నం అంచున పెద్ద అంగళ్లు

మన జిల్లాల్లో ఏ పట్నానికి వెళ్లినా ఈ మధ్య ఒకటే మాట వినబడుతున్నది. బైపాసు రోడ్డు ప్రక్కన ఫలానా వారి పొలం కొన్నారట, అక్కడ పెద్ద పెద్ద షాపులు వస్తాయట, బట్టలు, చెప్పులు, ఫ్రిజ్జులు, పచారీ సరుకులు అన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయట, కార్లు నిలుపుకోవడానికే రెండెకరాలు వదులుతారట. ఈ వార్త ఒక ఇంట్లో సంతోషం, మరొక ఇంట్లో దిగులు. ఆ ప్రక్కనే పొలమున్న రైతుకు ఎకరం ధర పెరిగింది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఉద్యోగం మీద ఆశ పుట్టింది. మెయిన్ బజారులో ముప్పై ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్న ఆయనకు మాత్రం రాత్రి నిద్ర పట్టడం లేదు. ఈ ముగ్గురూ ఆదివారం ఒకే మందిరంలో కూర్చునేవారే గనుక ఎవరి పక్షాన మాట్లాడినా పాస్టరుకు చిక్కే!

అందుచేత నా మాట ప్రక్కన పెట్టి, ఇదే అనుభవం మనకంటే నలభై ఏళ్లు ముందు చూచిన ఒక పట్నం సంగతి చెబుతాను. నేను వెళ్లి చూచినది కాదు, చదివి తెలుసుకొన్నది. ఆ పట్నం ఇంగ్లండులోని డడ్లీ.

డడ్లీ బర్మింగ్‌హామ్ నగరానికి పడమరగా ఉన్నది. బొగ్గు, ఇనుము, సున్నపురాయి తవ్విన ప్రాంతం గనుక ఆ చుట్టుప్రక్కలను నల్లనేల అని పిలుస్తారు. పట్నం నడుమ ఒక పొడుగాటి పెద్ద వీధి. ఆ వీధికి ఒక కొసన పరిశుద్ధ తోమా దేవాలయం, రెండో కొసన పరిశుద్ధ ఎడ్మండు దేవాలయం. ఊరివారు ఆ పేర్లు వాడరు, పైగుడి, క్రిందిగుడి అంటారు. ఆ రెంటి నడుమ శతాబ్దాల నాటి సంత. సంత చుట్టూ మార్క్స్ అండ్ స్పెన్సర్, బి.హెచ్.ఎస్., లిటిల్‌వుడ్స్ వంటి పేరున్న కొట్లు, వాటిని ఆనుకొని వందలాది చిన్న దుకాణాలు.

అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఓక్ అనే ఉక్కు కర్మాగారం ఉండేది. 1857లో ప్రారంభమైన ఆ కర్మాగారం 1982 డిసెంబరులో మూతపడింది. వెయ్యిమందికి పైగా కార్మికులు క్రిస్మస్ పండుగ ముందు ఇంటికి వచ్చేశారు. ఆ బాధ ఎటువంటిదో మన దగ్గర మిల్లులు మూతపడిన ఊళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి చోట్ల కొత్త పనులు రావాలని బ్రిటిష్ ప్రభుత్వం 1980లో ఒక పథకం ప్రకటించింది. కొన్ని ప్రాంతాలకు గీత గీసి, ఆ గీత లోపల భవనాలు కట్టిన వారికి పదేళ్లపాటు స్థానిక పన్ను లేకుండా చేసింది. భవనానికైన ఖర్చు మొత్తం ఆదాయపు లెక్కలో మినహాయించుకోవచ్చు. అనుమతుల చిక్కులు కూడా తగ్గించింది. ఫ్యాక్టరీలు వస్తాయన్నది అందరి ఆశ. 1984లో ఆ గీతను కర్మాగారం స్థలం వరకు జరిపినప్పుడు, దాని ప్రక్కనున్న మెర్రీ హిల్ అనే పచ్చని పొలం కూడా లోపలికి వచ్చింది. రిచర్డ్‌సన్ సోదరులనే కవల వ్యాపారులు ఆ పొలం మీద కట్టినది ఫ్యాక్టరీ కాదు, అంగళ్లు. మొదట రేకుల షెడ్ల వంటి పెద్ద పెద్ద సామానుల దుకాణాలు వచ్చాయి. 1989కి పైకప్పు వేసిన మహా బజారు పూర్తయింది. చుట్టూ వేల కార్లు పట్టే స్థలం, అదీ ఉచితంగా.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. డడ్లీ పెద్ద వీధిలో కొట్టు ఉన్నాయన పన్ను కడుతున్నాడు. ఆయన దగ్గరకు కారులో వచ్చినవారు కారు నిలపడానికి రుసుము కట్టాలి. నాలుగు కిలోమీటర్ల అవతల వ్యాపారికి పన్ను లేదు, అతని గిరాకీకి రుసుము లేదు. ఎవరి తెలివి ఎక్కువ, ఎవరి సరుకు మంచిది అనే పోటీ కాదిది. గీత లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అన్నదే లెక్క. ఒక ప్రాంతానికి మేలు చేయాలని గీసిన గీత ప్రక్క ఊరికి కీడు చేసింది. గీసినవారు చెడ్డవారేమీ కారు. ప్రక్క ఊరి లెక్క వేయలేదు, అంతే.

1990 వచ్చేసరికి డడ్లీలోని పేరున్న కొట్లు ఒక్కొక్కటే మెర్రీ హిల్‌కు తరలిపోయాయి. మార్క్స్ అండ్ స్పెన్సర్ పోయింది, బి.హెచ్.ఎస్. పోయింది, లిటిల్‌వుడ్స్ పోయింది. పెద్ద కొట్టు పోతే పోయేది ఆ కొట్టు ఒక్కటే కాదు. అక్కడ చొక్కా కొనడానికి వచ్చిన మనిషే ఎదురుగా చెప్పులు చూస్తాడు, మూలమీద టీ త్రాగుతాడు, ఇంటికి పోతూ పండ్లు కొంటాడు. ఆ మనిషి రావడం మానుకొంటే చెప్పుల కొట్టు, టీ కొట్టు, పండ్ల బండి వరుసగా దిగాలుపడతాయి. ప్రభుత్వమే చేయించి 1993లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, బట్టలు, ఇంటి సామానుల వంటి వస్తువుల వ్యాపారంలో డడ్లీ వాటా సుమారు 70 శాతం పడిపోయింది. అదంతా కొద్ది సంవత్సరాల్లోనే!

రెండో వైపు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మెర్రీ హిల్‌కు పొమ్మని ప్రజలను ఎవరూ బలవంతపెట్టలేదు. వాన, చలి లేకుండా చంటిబిడ్డతో ఒకేచోట అన్నీ కొనుక్కోవడం ఏ తల్లికైనా సుఖమే. ఉక్కు పోయిన చోట ఏదో ఒక పని పుట్టింది. అయితే కొలిమి దగ్గర నిలబడిన మగవాడి పని వేరు, కౌంటరు వెనుక పూటపని వేరు. పోయిన జీతానికి వచ్చిన జీతం సరిపోలదు.

ప్రభుత్వం 1993లో ఒకసారి, 1996లో మరింత గట్టిగా నిబంధన మార్చింది. పెద్ద దుకాణం కట్టాలనుకొనేవారు మొదట పట్నం నడుమ స్థలం వెదకాలి. అక్కడ లేకపోతే దానిని ఆనుకొని చూడాలి. అక్కడా లేదని రుజువైతేనే ఊరి వెలుపలికి పోవాలి. ఈ వరుస ఇంగ్లండులో నేటికీ అమలులో ఉన్నది. ఊరి వెలుపల 2,500 చదరపు మీటర్లు మించి కట్టదలచినవారు పాత బజారు మీద దాని ప్రభావం ఎంతో కూడా లెక్క చూపాలి. స్థానిక సంస్థ వేరే పరిమితి పెట్టుకొంటే అది వర్తిస్తుంది. మంచి నిబంధనే. డడ్లీకి మాత్రం ఆలస్యమైంది.

తరలిపోయిన కొట్ల గతి ఏమైందో వినండి. లిటిల్‌వుడ్స్ దుకాణాలు 2005లో అమ్ముడుపోయి ఆ పేరు వీధుల్లో లేకుండా పోయింది. బి.హెచ్.ఎస్. 2016లో దివాలా తీసి దేశమంతటా మూతపడింది. మెర్రీ హిల్‌కు యజమానిగా ఉన్న ఇంటు అనే కంపెనీ కూడా 2020లో అప్పుల్లో కూలిపోయింది. బజారు నిలిచే ఉన్నది, యజమాని మారాడు. ఎవరికోసం పాత వీధి ఖాళీ అయ్యిందో వారిలో కొందరు లేనే లేరు, ఖాళీ అయిన వీధి మాత్రం అక్కడే ఉన్నది.

మన ఊళ్లు డడ్లీ కావు, ఒప్పుకొంటాను. మన దగ్గర కార్లు తక్కువ. వారపు సంతలు ఇంకా బ్రతికి ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతుబజార్లు, పల్లె రైతు తెచ్చిన కూర పట్నం ఇల్లాలి సంచిలో నేరుగా పడే ఏర్పాటు చేశాయి. మన కిరాణా కొట్టాయన దగ్గర ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. పంట చేతికి వచ్చేదాకా, జీతం వచ్చేదాకా అందులో వ్రాసుకొని సరుకు ఇస్తాడు. బిడ్డకు జ్వరమైతే మందులకు వంద రూపాయలు చేబదులు ఇచ్చేదీ ఆయనే. పెద్ద అంగడిలో కందిపప్పు కిలోకు నాలుగు రూపాయలు తక్కువ ఉండవచ్చు గాని అక్కడ ఖాతా పుస్తకం ఉండదు. నెలకు ఎంత మిగిలింది, ఎంత అరువు కోల్పోయాము అన్న రెండు లెక్కలూ ఇల్లాలు వేసుకోవాలి. కిరాణా ఆయనను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. తూకంలో చెయ్యి చూపించేవారు, అరువు పేరుతో ధర పెంచి వ్రాసేవారు మనకు తెలియనివారేమీ కాదు. పెద్ద కొట్టు వస్తే వారికి కొంత బుద్ధి రావచ్చు.

ఉద్యోగం మీద ఆశ పెట్టుకొన్న అమ్మాయి తల్లిదండ్రులకు ఒక మాట. జీతమెంత అని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా, రాత్రి ఎన్ని గంటలకు వదులుతారు, బైపాసు నుండి ఊళ్లోకి ఎలా రావాలి, రోజంతా నిలబడవలసిందేనా అని అడగండి. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించాయి. కుర్చీ కోసం చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ ఆడపిల్లల కాళ్లు ఎంత వాచాయో ఊహించుకోండి.

పూలు, ఆకుకూరలు అమ్ముకొనే తల్లులకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉన్నది. పట్న విక్రయ కమిటీలో సభ్యులలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలని అది చెబుతుంది. మీ పట్నంలో ఆ కమిటీ ఉన్నదో లేదో మునిసిపల్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది.

ఇక పొలం సంగతి. మాస్టర్ ప్లానులో సాగుభూమిగా చూపిన చోటును వ్యాపార స్థలంగా మార్చాలంటే మొదట ముసాయిదా ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు, సలహాలు కోరాలి. గడువు ప్రకటనలోనే ఉంటుంది, చాలా తక్కువ రోజులే. పునాది తీసిన తరువాత వ్రాసిన అర్జీకి విలువ లేదు, ఆ కొద్ది రోజుల్లో వ్రాసిన ఉత్తరానికి ఉన్నది. వాననీరు ఏ చెరువులోకి పోతుంది, లారీలు ఏ వీధిన వస్తాయి, పాత బజారులో బస్టాండు దగ్గర ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం ఎందుకు పనికిరాలేదు అని అందులో అడగవచ్చు. రైతు తన పొలం అమ్ముకోవద్దని ఎవరూ అనలేరు. అతని కూతురి పెళ్లి అప్పు మనం తీర్చము గదా!

ఆ ప్రకటన పేపరు లోపలి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలతో వస్తుంది. మా బట్టల కొట్టాయన ఇప్పుడు పేపరు మొదటి పేజీ చూడడం మానుకొన్నాడు. కళ్లజోడు సవరించుకొని ఆ లోపలి పేజీయే తిప్పుతున్నాడు.